దొరువు దగ్గర తీసిన బొమ్మ

మొన్న మధ్యాహ్నం అన్నాలు తిన్నాక టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఏదో చానెల్లో పాతకాలపు సినిమా డైరెక్టరు గారొకరి గురించి కార్యక్రమం వస్తోంది. ఆయన పుట్టి నూరేళ్లయిందట. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన ఆ సినిమాల గొప్పతనం ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, "మొదటి చిత్రంలాగే సముద్రపు ఒడ్డున తీసిన చిత్రం కూడా ఇప్పుడెక్కడా దొరకదు. ప్రింటు లేదు, నెగటివూ లేదు. ఆడని సినిమా కాబట్టి ఎవరూ దాచిపెట్టుకోలేదు" అన్నాడు. వెంటనే తర్వాతి సినిమాలోని పాట వేశారు.

"ఏందత్తా, అట్లా అయిపోయినావు?" అని మా కోడలు అడిగింది.

"ఏం లేదులే" అన్నాను. ఆ సినిమాలో మా అమ్మ ఉందని చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

మా ఊరు బోగోలుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉండేది. ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు, వాటి మధ్య మా పేట. పేటలో పెంకులు కప్పిన ఇల్లు ఒక్కటే, అది దేవుడి మందిరం. మా నాయన ఆ మందిరానికి ఉపదేశి. వారమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించి, ఆదివారం ప్రార్థన నడిపేవాడు. కావలి నుంచి పాస్టరు అయ్యగారు నెలకొకసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసం పంచి ప్రభువు సంస్కారం ఇచ్చి పోయేవారు. మిగిలిన నెలంతా సంఘానికి మా నాయనే దిక్కు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ మరిచిపోయేవాడు కాదు. గట్టిగా నవ్వడానికి కూడా అటూ ఇటూ చూసేవాడు.

అమ్మ అట్లా కాదు. సరుగుడాకు ఎగదోసి పొయ్యి ముట్టిస్తూ, పొగకు కళ్లు నలుపుకుంటూనే కీర్తనలు పాడేది. మామిడికాయ వేసి చేపల పులుసు కాచిన రోజున సందు చివరి వాళ్లు కూడా గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు. కాచిన రోజుకన్నా మర్నాడు చద్దన్నంలోకి ఆ పులుసు బాగుంటుందని, మేం తినకుండా కుండను ఉట్టి మీద పెట్టేది. నేనూ పక్కింటి పిల్లలూ రోలు బోర్లించి ఎక్కి, వేళ్లు ముంచుకుని నాకేవాళ్లం. కుండ అంచున వేళ్ల గుర్తులు చూసి, "పిల్లి ఐదు వేళ్లతో తినిందే!" అని ఆశ్చర్యపోయేది.

మా సంఘంలో సినిమా చూడటం సారా తాగడంతో సమానం. అమ్మ పుట్టాక సినిమా చూసి ఎరగదు. చూడాలని ఆమె ఎప్పుడూ అడగలేదు కూడా. కానీ అమ్మకు ఒక తమ్ముడున్నాడు. మా మామ కావలిలో బియ్యపు మిల్లులో పనిచేసేవాడు. ఒంటి నిండా తవుడు వాసనతో శనివారం సాయంత్రం సైకిలు మీద వచ్చేవాడు. రావడం రావడమే దడి పక్కన గొంతుకూర్చుని, చూసిన సినిమా మొదటినుంచి చివరిదాకా చెప్పేవాడు. అమ్మ చేపలు తోముతూ వినేది. అరుగు మీద నుంచి నాయన దగ్గేవాడు. "కొంచెం మెల్లగా చెప్పరా" అనేది అమ్మ.

మామకు ఆ డైరెక్టరు గారంటే పిచ్చి. ఆయన మా జిల్లావాడే. మెట్ట ప్రాంతంలో రైతు కుటుంబంలో పుట్టి మద్రాసు చేరినవాడు. మొదటి సినిమా ఒక నేతగాడి కథ. మగ్గం పోగొట్టుకున్న నేతగాడు, తాను నేసిన ఆఖరి గుడ్డను చచ్చిపోయిన బిడ్డకు కప్పుతాడట. అది ఆడలేదు. రెండోది అన్నదమ్ములు కాడి ఎద్దులను పంచుకునే కథ. చెరొక ఎద్దుతో ఇద్దరూ సేద్యం చేయలేక చెడిపోతారు. అది నెల్లూరులో వంద రోజులు ఆడింది. మూడోది బడిపంతులు పెళ్లి చేసుకున్న ఒక వితంతువు కథ. అది చెబుతూ మామ ఏడ్చేశాడు. తోముతున్న చేప చేతిలో పట్టుకుని అమ్మ కూడా ఏడ్చింది.

"ఈయన బొమ్మల్లో రాజులుండరక్కా. కత్తులుండవు. మనబోటోళ్లే ఉంటారు" అన్నాడు మామ.

"మనబోటోళ్లని దుడ్లిచ్చి ఎవరు చూస్తార్రా?" అంది అమ్మ.

అదే ఏడాది ఎండాకాలంలో ఆ డైరెక్టరు గారు మా ఊరొచ్చారు.

అప్పట్లో సినిమాలన్నీ మద్రాసు స్టూడియోల్లోనే తీసేవాళ్లు. గుడ్డ మీద సముద్రం గీయించి, దాని ముందర పాట పాడించేవాళ్లు. ఈయన మాత్రం చేపలు పట్టేవాళ్ల కథ తీస్తూ నిజమైన సముద్రమే కావాలన్నారట. డబ్బు పెట్టిన వాళ్లు వద్దన్నా వినకుండా రెండు లారీలు, ఒక జీపు, కరెంటు పుట్టించే బండి వెంటబెట్టుకుని మా దిబ్బల మీదకు వచ్చేశారు. ఎండబెట్టిన నెత్తళ్ల చేపల వాసనలో ఆ బండి పొగ కలిసి ఊరంతా కొత్త వాసన వేసింది. పెద్ద లైట్లలో కాలి మిగిలిన నల్లటి పుల్లలు పారేస్తే, ఏరుకుని మందిరం గోడ మీద బొమ్మలు గీశాం. ఎండను మళ్లించే పలకల మీది వెండి కాగితం గోళ్లతో పీకి బొట్టుబిళ్లలు చేసుకున్నాం. లైట్ల మనిషి అరవంలో తిడుతూ మమ్మల్ని సరుగుడు తోపుదాకా తరిమాడు.

డైరెక్టరు గారు పొట్టిగా, నల్లగా, ఎండకు తలమీద తువ్వాలు వేసుకుని, కయ్యకు నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషిలా ఉన్నారు. మద్రాసులో అన్నేళ్లున్నా ఆయన మాట మాత్రం మా జిల్లా మాటే.

మా పేటకు మంచినీళ్లు దొరువు నుంచే. ఇసుకలో వెడల్పుగా తవ్విన గుంట అది. పక్కనే ఉప్పు సముద్రం ఉన్నా దాంట్లో తియ్యటి నీళ్లు ఊరుతాయి. ఆ రోజు హీరోయిన్ దొరువులో నీళ్లు తోడే ఘట్టం తీస్తున్నారు. పాపం ఆ అమ్మాయి, కాలు జారకుండా నిలబడటమే గొప్పగా ఉంది. కడవ వంచితే ఇసుక నీళ్లే వస్తున్నాయి. ఎండ నెత్తికెక్కింది. మేమంతా తాడు కట్టిన అవతల నిలబడి చూస్తున్నాం. అమ్మ కడవ చంకన పెట్టుకుని వచ్చి కాసేపు చూసింది.

"ఇంకా ఎంతసేపు సామీ? పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినాను" అంది.

అందరూ నవ్వారు. డైరెక్టరు గారు నవ్వలేదు. "నువ్వు తోడుకో తల్లీ" అని పక్కకు జరిగారు.

అమ్మ దిగి, కడవ అడుగుతో నీటి మీది నలుసులు పక్కకు నెట్టి, ఇసుక కదలకుండా ముంచుకుంది. ఆయన కెమెరా మనిషి చెవిలో ఏదో చెప్పి, అమ్మ దగ్గరకు వచ్చారు.

"ఇంకొకసారి తోడతావా తల్లీ? బొమ్మలో తీసుకుంటాను."

"నా మొగమా?"

"నీ మొగమే."

అమ్మ కడవ దించింది. "తోడతాను గానీ తొందరగా కానియ్యండి, ఎసరు ఇగిరిపోతుంది" అంది. ఆయన ఏదో మాట పలకమంటే, "అవన్నీ నాకు రావు, నీళ్లు తోడమంటే తోడతా" అంది. నీళ్లు ఒలకబోసుకుని మళ్లీ తోడింది. కెమెరా దొరువుకు అవతలి గట్టున ఉంది, నేను ఇవతల ఉన్నాను. నాకు కనిపించింది అమ్మ వీపే. తడిసిన రవిక, జారిన ముడి, అంతే.

ఆ సాయంత్రం నాయన గడ్డం గీసుకునే చేతి అద్దం తీసి, అమ్మ తన ముఖం చాలాసేపు చూసుకుంది. శనివారం మామ వస్తే దడి దాకా ఎదురువెళ్లింది. "ఒరే, మనబోటోళ్లే ఉంటారంటివే. నిజమేరా!" అంది. అంత సంతోషంగా ఆమెను నేను మళ్లీ చూడలేదు.

సంగతి కావలి దాకా పోయింది. తర్వాతి నెల అయ్యగారు వచ్చినప్పుడు, ఆరాధన అయ్యాక సంఘం పెద్దలు కూర్చున్నారు. ఉపదేశి భార్యే సినిమావాళ్ల ముందు నిలబడితే ఇక మిగిలిన వాళ్లను ఆపేదెవరని వాళ్ల బాధ. అమ్మను పిలిచారు. నేను ఆమె కొంగు పట్టుకునే ఉన్నాను.

"సినిమాలో ఆడినావంట గదమ్మా?" అన్నారు అయ్యగారు. ఆయన చెడ్డవారు కాదు. గొంతు మెత్తగానే ఉంది.

"ఆడలేదయ్యా. నీళ్లు తోడినాను. దినామూ తోడేదే."

"తప్పయిందని ఒక్క మాట చెప్పు. అయిపోతుంది."

"దేనికి తప్పయ్యా? ఆ నీళ్లే గదా మీక్కూడా తాగడానికిచ్చింది?"

ఒక పెద్దాయన లేచి, తప్పు ఒప్పుకునేదాకా ఆమెకు సంస్కారం ఇయ్యకూడదన్నాడు. మిగిలిన వాళ్లు తలూపారు. ఆ మాట సంఘం ముందు చెప్పాల్సింది ఉపదేశి. నాయన లేచి నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, ఏదో వాక్యం అప్పజెబుతున్నట్టుగా చెప్పాడు. "ఈ సంఘ సభ్యురాలు" అన్నాడు. పేరు కూడా పలకలేదు. చెప్పకపోతే ఆ పనీ ఆ ఇల్లూ రెండూ పోయేవి. ఆ సంగతి అమ్మకూ తెలుసు. ఇంటికి వచ్చి ఎప్పటిలాగే ఆయనకు అన్నం పెట్టింది. కీర్తనలు మాత్రం మానేసింది. ఆదివారం మందిరానికి వచ్చి చివరి చాప మీద కూర్చునేది. రొట్టె, రసం వచ్చే వేళకు లేచి బయటికి పోయి, వాకిట్లో నిలబడేది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. దొరువు కట్ట తెగి నీళ్లు చెడిపోయాయి. పేటలో చాలామందికి జ్వరాలు వచ్చాయి. మిగిలిన వాళ్లు లేచారు. అమ్మ లేవలేదు. బోగోలు నుంచి తెచ్చిన మందు వాంతి అయిపోయేది. మామ మిల్లు మానేసి వచ్చి మంచం దగ్గరే కూర్చున్నాడు. ఏ కథా చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నాయన మంచం పట్టెమీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క మాట చెప్పు. తప్పయిందని నాతోనే చెప్పు. వాగు దాటి పోయైనా అయ్యగారిని పిలుచుకొస్తాను. సంస్కారం తీసుకో."

అమ్మ పెదవులు పగిలిపోయి ఉన్నాయి. "అబద్ధం చెప్పి పొమ్మంటావా?" అంది.

నాయన చెయ్యి వదల్లేదు. అంతకు మించి అడగనూ లేదు. మూడోనాటి పొద్దున అమ్మ పోయింది. వాగు పొంగి అయ్యగారు రాలేకపోయారని చెప్పారు. వాగు దాటి చేపల తట్టలు పోతూనే ఉన్నాయి. నాయనే వాక్యం చదివి, నాయనే మన్ను వేశాడు. మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లికి కూడా తీయించుకోలేదు.

మళ్లీ ఎండలు ముదిరాక ఆ సినిమా వచ్చింది. మామ కావలిలో మొదటి ఆటకే పోయి, అయిపోగానే సైకిలు తొక్కుకుంటూ వచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

"అక్క ఉండాది బావా! గోడంత ఉండాది. నీళ్లు తోడి, తలెత్తి చూస్తాది బావా. నన్నే చూసినట్టుండాది. పాపను పంపించు. ఒక్కసారి చూసొస్తాది."

నాయన అరుగు మీద నుంచి కదల్లేదు. "దానికోసమే గదరా మీ అక్కను వాకిట్లో నిలబెట్టింది. ఇప్పుడు నా బిడ్డను నేనే పంపించేదా?"

"అక్కే పోయినాక ఇంకేంది బావా?"

"పోరా" అన్నాడు నాయన. మామ పోయాడు. ఆ తర్వాత మా ఇంటికి రావడం బాగా తగ్గించేశాడు.

కావలిలో సినిమా ఎత్తేసి బోగోలు టూరింగు సినిమా డేరాకు తెచ్చారు. గోడల మీద కాగితాలు అంటించారు. నాయన అటు పోయినప్పుడల్లా ఆ కాగితాల వైపు చూడకుండా నడిచేవాడు. అన్నం సరిగా తినేవాడు కాదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి కండువా భుజాన వేసుకుని, "పదా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. దారి పొడుగునా నా చెయ్యి నొప్పిపుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. ఎదురైన వాళ్లు "ఎక్కడికి అయ్యా?" అంటే, ఆ మనిషి జన్మలో మొదటిసారి ఎవరికీ జంకకుండా, "సినిమాకు" అని చెప్పాడు.

డేరా ముందు కత్తి పట్టుకున్న రాజు బొమ్మ ఉంది. నాయన టిక్కెట్లు ఇచ్చే వాడి దగ్గరకు పోయాడు.

"చేపలోళ్ల బొమ్మ గదయ్యా ఇక్కడ ఆడేది?"

"నిన్ననే ఎత్తేసినాము సామీ. జనం రాలా. బెంచీలకు చూపించినట్టుండాది."

"మళ్లా ఎప్పుడేస్తారు?"

"అదింక యాడా ఆడదు సామీ. ఇది చూడండి, బాగుంటాది."

నాయన ఇంకా కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఇద్దరం వెనక్కి నడిచాం.

డేరా ఎత్తేశాక పిల్లలు ఆ చోట ఇసుకలో ఫిలిం ముక్కలు వెతుక్కునేవాళ్లు. తెగిన ముక్కలను కత్తిరించి పారేసేవాళ్లు కదా. నేనూ పోయాను. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని ఇసుక జల్లించినట్టు జల్లించాను. దొరికిన ప్రతి ముక్కా ఎండకేసి పట్టి చూశాను. అన్నింట్లోనూ కిరీటాలే.

ఆ తర్వాత డైరెక్టరు గారి పేరు మెల్లగా మాసిపోయింది. సముద్రం సినిమాతో ఆయన ఇల్లు పోయిందని చెప్పుకున్నారు. మళ్లీ లేవడానికి ఎవరో చెప్పినట్టల్లా కత్తుల సినిమా ఒకటి తీశారు. దాన్ని చూసి మామ సగంలోనే లేచి వచ్చేశాడట. తర్వాత రంగుల సినిమాలు వచ్చాయి. ఈయనను పిలిచేవాళ్లు లేకపోయారు. ఇప్పుడు టీవీలో ఆయనను దేవుణ్ణి చేస్తున్నారు గానీ, ఆనాడు ఆయన దండం పెట్టినా ఎవరూ తిరిగి పెట్టేవాళ్లు కాదట.

నేను నెల్లూరులో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో నాయనకు కంటి పొర వచ్చింది. ఆపరేషను చేయించడానికి మద్రాసు తీసుకుపోయాను. ఆసుపత్రి పని అయ్యాక ఆయన, "ఆ సినిమా సామి ఇల్లు ఈడనే గదా" అన్నాడు. అడుగుతూ అడుగుతూ వడపళనిలో ఒక ఇరుకు సందులోకి చేరాం. మేడ కింద ఒక గది. డైరెక్టరు గారు లుంగీ కట్టుకుని, పీట మీద కూర్చుని, రేడియో బాగుచేసుకుంటున్నారు. మనిషి సగమైపోయారు. మాది ఫలానా ఊరనగానే లేచి నిలబడ్డారు. వాళ్లావిడ మజ్జిగ ఇచ్చింది.

నాయన నా వైపు చూశాడు. నేనే చెప్పాను. "ఆ సినిమాలో మా అమ్మ ఉంది సార్. దొరువులో నీళ్లు తోడుతుంది. ఆ ముక్క ఒక్కటి మీ దగ్గర ఉంటుందేమోనని వచ్చాము."

"లేదమ్మా" అన్నారు ఆయన. "పెట్టుబడి పెట్టినాయన అన్నీ పట్టుకుపోయినాడు. నలుపు తెలుపు ఫిలింలో వెండి ఉంటుంది. ఆడని సినిమాలన్నీ కలిపి కరిగించేసినారు. నా నేతగాణ్ణి కూడా కరిగించేసినారు."

నాయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "మీరు చూసినారు గదా సామీ. ఎట్లుండాది అందులో? చెప్పండి" అన్నాడు.

నాకు ఇప్పటికీ ఆ గొంతు వినిపిస్తుంది. అమ్మ పోయాక ఆయన ఆమె గురించి అడగడం అదే మొదటిసారి.

డైరెక్టరు గారు కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు. నీళ్ల మీద ఎండ ఎట్లా కదిలిందో, ఆమె నలుసులు ఎట్లా తోసిందో, కడవ ఎత్తుకునేటప్పుడు మెడమీద నరం ఎట్లా బిగిసిందో చెప్పారు. మా మామకన్నా బాగా చెప్పారు. నా ఎదురుగా గోడమీద అమ్మ కదులుతున్నట్టే ఉంది. "అప్పుడు తలెత్తింది. ఎండ సరిగ్గా ముఖాన పడింది. ముక్కుపుడక తళుక్కుమనింది. ఆ మెరుపుతో ఘట్టం ముగించినాను" అన్నారు.

నాయన కట్టు లేని కంటి వెంట నీళ్లు కారుతున్నాయి. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆయన మా వెంట సందు మొగదాకా వచ్చి, నా తలమీద చెయ్యిపెట్టి, వెనక్కి వెళ్లిపోయారు. ఆ ఏడే పోయారు. పేపర్లో చిన్నగా వేశారు.

మేం నెల్లూరు రైలెక్కాం. గూడూరు దాటేదాకా నాయన కిటికీ వైపే తిరిగి ఉన్నాడు. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఎర్రగా ఉంది.

"మీ అమ్మకి ముక్కుపుడక లేదు గదా పాపా" అన్నాడు.

మా సంఘంలో ఆడవాళ్లు ముక్కు కుట్టించుకోరు. "లేదు నాయనా" అన్నాను.

"ఊఁ" అన్నాడు. తాను చనిపోయేదాకా మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

డైరెక్టరు గారు ఎవరిని తలుచుకుని చెప్పారో నాకు తెలియదు. ఆయన సినిమాల్లో ఎందరో ఆడవాళ్లు. మరిచిపోయి ఇంకెవరినో చెప్పారేమో. మా నాయన ఏడుస్తుంటే చూడలేక అల్లి చెప్పారేమో. ఇప్పుడు మామ లేడు, నాయన లేడు, ఆ సినిమా చూసినవాళ్లు ఎవరైనా బతికి ఉన్నారో లేదో. అమ్మ ముఖం తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. కాని ముక్కుమీద ఆ పుడక ఉంటుంది. అది అమ్మది కాదని తెలుసు. తీసేసి చూడాలని ఎన్నేళ్లుగానో ప్రయత్నిస్తున్నాను. పుడకను తీసేస్తే ముఖం కూడా పోతోంది.